కడుపుతో ఉన్నప్పుడు చేసిన పనుల వల్ల బిడ్డకు ఆటిజం వస్తుందా?

మీరు బెంగళూరులో ఉంటున్నారు, మీ రెండున్నరేళ్ల బాబుకు ఆటిజం లక్షణాలున్నాయని పిల్లల డాక్టర్ చెప్పారు. మీరు కడుపుతో ఉన్నప్పుడు జ్వరమొస్తే డోలో, అంటే పారాసిటమాల్ మాత్ర, వేసుకున్నారు, ఏడో నెల దాకా నైట్ షిఫ్టులు చేశారు. అందుకే ఇలా అయిందని ఇంట్లో అత్తగారు, ఆడపడుచు అంటున్నారు. అది నిజమేనా, రెండో బిడ్డకు కూడా వస్తుందా అని అడిగారు.

ముందు డోలో సంగతి చెప్తాను. దానివల్ల ఆటిజం వస్తుందని ఎవరూ నిరూపించలేదు. జాగ్రత్తగా చేసిన పెద్ద అధ్యయనంలో అసలు ఆ సంబంధమే కనిపించలేదు. నైట్ షిఫ్టుల వల్ల వచ్చిందని మిమ్మల్ని అనడానికీ ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

మాదీ బెంగళూరే, మారతహళ్లి దగ్గర ఉంటాం. సొంతూరు అనంతపురం వైపు. మా పెద్దబాబుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. వాడి తర్వాత పాప పుట్టింది. అందుకే మీ రెండు ప్రశ్నలూ నావే అనిపించాయి.

2025 సెప్టెంబర్‌లో ట్రంప్ గర్భిణులు టైలెనాల్ వేసుకోవద్దని చెప్పాక, అది మన పారాసిటమాలే కాబట్టి, ఫ్యామిలీ గ్రూపులన్నిటిలో ఆ వీడియోలు తిరిగాయి. మీ ఇంట్లో కూడా గొడవ అక్కడే మొదలై ఉంటుంది. ఆ భయం పుట్టడానికి ఒక కారణం ఉంది. పారాసిటమాల్ వేసుకున్న తల్లుల పిల్లలనూ వేసుకోని తల్లుల పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్ని అధ్యయనాల్లో మొదటి గుంపులో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపించింది. కానీ మాత్ర ఊరికే ఎవరూ వేసుకోరు కదా. జ్వరం, ఇన్ఫెక్షన్, మైగ్రేన్, ఒళ్లునొప్పులు ఏదో ఒకటి ఉంటేనే వేసుకుంటారు. ఆ రెండు గుంపుల తల్లుల ఆరోగ్యమూ వేరు, వాళ్ల కుటుంబాల్లో వచ్చే జన్యువులూ వేరు. స్వీడన్‌లో 1995 నుంచి 2019 వరకు పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు తీసుకుని, 2024లో వచ్చిన ఒక అధ్యయనం ఈ చిక్కు విప్పింది. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్ని పోల్చారు. ఒక కాన్పులో మాత్ర వేసుకుంది, ఇంకో కాన్పులో వేసుకోలేదు. అలా చూసేసరికి తేడా పోయింది. జ్వరం బాగా ఉన్నప్పుడు మాత్ర వేసుకోకుండా పళ్లు బిగబట్టుకుని కూర్చోవడమే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. మీరు చేసింది సరైన పనే.

మరి ఆటిజం ఎందుకు వస్తుంది? ఎక్కువ భాగం జన్యువుల వల్ల. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2019లో ఒక లెక్క చెప్పారు: ఒకరికి ఆటిజం రావడానికీ ఇంకొకరికి రాకపోవడానికీ మధ్య ఉన్న తేడాలో దాదాపు 80 శాతం వారసత్వంగా వచ్చే జన్యువులదే. తల్లి గర్భం వైపు నుంచి విడిగా వచ్చే ప్రభావం ఎంత అని కూడా అందులో చూశారు. అది ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిపోయింది, అదీ గట్టిగా ఉందని చెప్పలేనంత తక్కువ.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆటిజంకు సంబంధించిన జన్యువుల్లో చాలావరకు బిడ్డ మెదడు తయారయ్యే రోజుల్లోనే, గర్భం మధ్య నెలల్లో, చురుగ్గా పనిచేస్తాయి. అంటే మొదలు కడుపులోనే పడుతుంది. ‘కడుపులో మొదలైంది’ అని డాక్టర్ అంటే ఇంట్లోవాళ్ల చెవికి ‘కడుపుతో ఉన్నావిడ ఏదో చేసింది’ అని వినిపిస్తుంది. బిడ్డ కళ్ల రంగు కూడా కడుపులోనే మొదలవుతుంది. అందుకు తల్లి ఏ పని చేసిందని అడుగుతామా?

తండ్రి సంగతి ఎవరూ అడగరు, అది నాకు చాలా కోపం తెప్పించే విషయం. తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా వచ్చే జన్యు మార్పులు కొన్ని ఉంటాయి. తండ్రి వయసు ఒక్కో ఏడు పెరిగే కొద్దీ బిడ్డకు అలాంటివి సుమారు రెండేసి చొప్పున పెరుగుతాయని ఐస్‌లాండ్ పరిశోధకులు 2012లో చూపించారు. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు, కొన్ని చేస్తాయి. తల్లి వయసు ఎక్కువైనా ముప్పు కాస్త పెరుగుతుంది, తండ్రి వయసు ఎక్కువైనా పెరుగుతుంది. అయినా మా ఇంట్లో మా ఆయన్ని ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

ఈ నిందకు చరిత్ర కూడా ఉంది. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం గురించి మొదట వివరంగా రాసినప్పుడే ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఒక మాట వేశాడు. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలిలా అవుతారని డాక్టర్లే తల్లుల ముఖాన చెప్పారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో దాన్ని గట్టిగా తిప్పికొట్టాడు. 1977లో కవలల మీద చేసిన అధ్యయనం జన్యువుల వైపు వేలు చూపింది. మన దగ్గర గ్రహణం రోజు బయటికొస్తే బిడ్డకు మొర్రి వస్తుందన్నారు. ఇప్పుడు గ్రహణం పోయి లాప్‌టాప్, సెల్‌ఫోన్, నైట్ షిఫ్ట్ వచ్చాయి. వేలు మాత్రం ఇంకా తల్లి వైపే ఉంది.

అయితే గర్భంలోని కారణాలన్నీ అబద్ధం అని నేను చెప్పను, అలా చెప్పడం మిమ్మల్ని మోసం చేయడమే. నిజంగా లెక్కలోకి వచ్చేవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే స్పష్టమైనది వాల్‌ప్రోయేట్, ఫిట్స్‌కు వాడే మందు. డెన్మార్క్‌లో 2013లో చూస్తే, గర్భంలో ఆ మందు తగిలిన పిల్లల్లో ఆటిజం 4.4 శాతం, మిగతావాళ్లలో 1.5 శాతం. ఇది చిన్న తేడా కాదు. అందుకే ఫిట్స్ ఉన్న ఆడవాళ్లు గర్భం అనుకోకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. ఎవరూ సొంతంగా మాత్ర ఆపేయకూడదు, ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు. ఇంత గట్టి కారణం ఉన్నచోట కూడా నూటికి తొంభై అయిదు మంది పిల్లలకు ఆటిజం రాలేదన్నది గమనించండి.

రెండోది రుబెల్లా అనే వైరస్ జ్వరం. 1964లో అమెరికాలో ఆ జ్వరం పెద్దఎత్తున వచ్చినప్పుడు గర్భంలో దాని బారిన పడిన పిల్లల్లో ఆటిజం మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది. దాన్ని ఆపేది టీకాయే. టీకాల వల్ల ఆటిజం వస్తుందని 1998లో పుట్టించిన కథను, అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. బాబుకు ఇంకా వేయాల్సిన టీకాలు ఉంటే దయచేసి ఆపకండి.

తర్వాత గర్భంలో వచ్చే షుగర్, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు మరీ తక్కువగా ఉండటం, తల్లికి ఆసుపత్రిలో చేరేంత ఇన్ఫెక్షన్, గాలిలో కాలుష్యం. ఇవన్నీ ముప్పును కొంచెం కొంచెం పెంచేవే. మా బాబు 35వ వారంలో పుట్టాడు, నాకు షుగర్ కూడా వచ్చింది. అందువల్లే వచ్చిందా అంటే ఏ డాక్టరూ అవునని చెప్పలేడు. గుంపు మొత్తానికి వేసిన లెక్క ఒక్క పిల్లాడికి జవాబు చెప్పదు.

ఇది నాకు థెరపీ సెంటర్ బయట కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది. పిల్లలు లోపల ఉన్న నలభై అయిదు నిమిషాలూ చెప్పుల స్టాండ్ పక్కన బెంచీ మీద తల్లులం కాన్పుల గురించే మాట్లాడుకునేవాళ్లం. ఒంగోలు నుంచి వచ్చినావిడ తొమ్మిది నెలలూ పుట్టింట్లో కాలు కింద పెట్టకుండా గడిపింది, కుంకుమపువ్వు పాలు, దానిమ్మ రసం దేనికీ లోటు లేదు. ఆమె పక్కన కూర్చునే అమ్మాయి కాల్ సెంటర్‌లో చివరి వారం దాకా పనిచేసింది. ఇంకొకామెకు కవలలు, ఒకే కడుపులో ఒకేసారి పెరిగినవాళ్లు, అందులో ఒకడికే ఆటిజం. ఎవరికి వాళ్లు తమ దగ్గర ఒక కారణం దాచుకుని వచ్చారు. ఒంగోలు ఆవిడ అయితే అంత రెస్ట్ తీసుకోవడం వల్లే అయిందేమో అని ఏడ్చేది.

ఆసుపత్రిలో కేస్ షీట్ రాసేటప్పుడు డాక్టర్ మిమ్మల్ని వరసగా అడుగుతారు: మేనరికమా, ఎన్నో వారంలో కాన్పు, పుట్టగానే ఏడ్చాడా, కామెర్లు వచ్చాయా, ఐసీయూలో పెట్టారా, ఫిట్స్ ఉన్నాయా. పక్కన అత్తగారు ఉంటే ప్రతి ప్రశ్నా కోర్టులో వాంగ్మూలంలా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, చేతులు చల్లబడ్డాయి. ఆ ప్రశ్నల పని వేరు. పుట్టగానే ఏడవకపోతే మెదడుకు ఆక్సిజన్ తగ్గిందేమో చూస్తారు. కామెర్లు బాగా ముదిరితే వినికిడి దెబ్బతినే అవకాశం ఉంది, కాబట్టి చెవి పరీక్ష తప్పనిసరి. మేనరికం అంటే కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఏ పరీక్ష రాయాలో తెలుస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ, స్కానింగ్ కాగితాలు వెంట తీసుకెళ్లండి, జవాబులు మీరే చెప్పండి, మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక రెండో బిడ్డ. ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాత పుట్టే బిడ్డకు వచ్చే అవకాశం అయిదింటిలో ఒకటి వరకు ఉంటుంది. ఆ బిడ్డల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనాల్లో తేలింది 20 శాతం. ఆడపిల్లల్లో తక్కువ, మగపిల్లల్లో ఎక్కువ. అంటే అయిదుగురిలో నలుగురికి రాదు, కానీ తేలిగ్గా తీసుకునే సంఖ్య కూడా కాదు. తొందరపడకుండా ముందు బాబు పరీక్షలు పూర్తి చేయించండి. ఫ్రాజైల్ ఎక్స్ లాంటి ఒకే జన్యువు సమస్య ఏదైనా బయటపడితే మీ ఇద్దరి లెక్కా మారిపోతుంది. ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది, మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ వాళ్లు కూడా అవసరమైతే జన్యు పరీక్ష రాసిస్తారు. ఒక కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య ఏడాదికి పైగా ఎడం ఉంచండి. గర్భం అనుకునే ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. నార్వేలో 85 వేల మంది పిల్లల్ని చూసినప్పుడు, గర్భానికి ముందు వెనకల్లో ఆ మాత్ర వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం తక్కువగా కనిపించింది. అదే కారణమని తేలకపోయినా, బిడ్డ వెన్నుపాముకు అది ఎలాగూ అవసరమే. షుగర్, థైరాయిడ్ చూపించుకోండి, రుబెల్లా టీకా లేకపోతే గర్భానికి ముందే వేయించుకోండి. నేను పాప కడుపులో ఉన్నప్పుడు చేసింది ఇంతే. మిగతా నెలలంతా టెన్షన్ లేకుండా ఉన్నానని చెప్పను.

మీరు ఇలా బాధలో ఉన్నప్పుడే, కడుపులో చేరిన విషాలు లాగేస్తామని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. స్టెమ్ సెల్ అంటారు, డీటాక్స్ అంటారు, లక్షలు అడుగుతారు. ఆటిజంకు స్టెమ్ సెల్ చికిత్స వాడొద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మా బంధువుల్లో ఒకరు నగలు అమ్మి అలాంటి చోట కట్టారు, పిల్లాడిలో ఏమీ మారలేదు.

‘వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్లకు మాటలొచ్చాయిలే’ అని ఎవరైనా అన్నా ఆగకండి. ముందు చెవి పరీక్ష, దాంతోపాటే నిమ్హాన్స్‌లోనో సెయింట్ జాన్స్ ఆసుపత్రిలోనో పిల్లల ఎదుగుదల పరీక్షకు తేదీ తీసుకోండి. రోగనిర్ధారణ కాగితం చేతికి వచ్చేదాకా థెరపీ మొదలుపెట్టకుండా ఆగాల్సిన పనిలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి తర్వాత యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేసుకోవచ్చు, అది నెమ్మదిగా చూసుకోండి.

భాష గురించి కూడా మిమ్మల్ని కంగారుపెడతారు. ప్లేస్కూల్లో కన్నడ, థెరపీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అయితే పిల్లాడు తికమకపడతాడని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని మాకూ చెప్పారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యం కావని పరిశోధనల్లో తేలింది. తాతయ్యతో మాట్లాడాల్సిన భాష తీసేస్తే వాడితో మాట్లాడే మనుషులే తగ్గిపోతారు. మేము తెలుగు మానలేదు. థెరపిస్టుకు కన్నడే వచ్చినా పర్వాలేదు, ఇంట్లో మీరు రోజూ వాడే మాటలు ఒక కాగితం మీద రాసివ్వండి: నీళ్లు, అన్నం, ఇవ్వు, రా, చాలు, ఇంకా కావాలి. ఆవిడ వాటితోనే మొదలుపెడతారు. బుడగల సీసా మూత తీయకుండా చేతిలో పట్టుకుని, వాడు మీ వైపు చూసేదాకానో చెయ్యి చాచేదాకానో ఆగి, ‘ఇవ్వు’ అని మీరే ఒకసారి చెప్పి అప్పుడు ఊదండి. ఇది ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.