అమ్మానాన్నలతో మోజెల్ లోయ: రెండు రోజుల్లో ఎన్ని కోటలు చూడొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, సెప్టెంబరులో ఒక శని, ఆదివారాలు మాత్రమే ఖాళీ. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. జర్మనీలోని మోజెల్ నది లోయలో నాలుగైదు కోటలు, ఆ వేలాడే వంతెన, అన్నీ చుట్టేయడం కుదురుతుందా?

కుదరదండి. రెండు రోజులకి రెండు కోటలు పెట్టుకోండి, చాలు. ఒకటి ఎల్ట్స్, రెండోది కోఖెమ్. మిగతా టైమంతా నదికి వదిలేయండి. నేను ఆ లోయకి మూడుసార్లు వెళ్ళాను. మొదటి రెండుసార్లు చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటారని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి ఫ్రెండ్స్‌తో ఫిబ్రవరిలో వెళ్ళాను. మోజెల్‌కెర్న్ స్టేషన్‌లో దిగి, ఎల్ట్స్‌బాఖ్ అనే చిన్న వాగు పక్కనే అడవిలో ఐదు కిలోమీటర్లు నడిచాం. ఒక మలుపు తిరగ్గానే చెట్ల మధ్యలోంచి కోట కనపడింది. గంతులేసుకుంటూ పైకి వెళ్తే గేటుకి తాళం! ఏప్రిల్ నుంచి నవంబరు మొదటి రోజుల దాకానే కోట లోపలికి రానిస్తారని వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాసి ఉంది. చూసుకోనిది మేమే. మీరు సెప్టెంబరులో వెళ్తున్నారు కాబట్టి ఆ భయం లేదు.

ఎల్ట్స్ గురించి ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. గోల్కొండైనా, కొండపల్లైనా మనం కింద నిలబడి పైకి చూస్తాం, ఎక్కుతాం. ఇక్కడ తిరకాసు. కారు పార్కింగ్ పైన గట్టు మీద ఉంటుంది, కోట కింద లోయలో ఉంటుంది. దాదాపు డెబ్భై మీటర్ల రాతి గుట్ట మీదే కట్టారు గానీ, చుట్టూ ఉన్న కొండలు అంతకంటే ఎత్తు. వాగు మూడు వైపులా చుట్టి పారుతుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు దిగుడు, హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పావుగంటలో వెళ్ళిపోతారు. అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది. పార్కింగ్ నుంచి కోట దాకా చిన్న షటిల్ బస్సు తిరుగుతుంది. అమ్మగారితో రెండు వైపులా అదే ఎక్కండి, చేతిలో చిల్లర ఉంచుకోండి.

ఈ కోట పన్నెండో శతాబ్దం నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఎనిమిది వందల యాభై ఏళ్ళ పైమాటే. అయినా మా అమ్మకి నచ్చింది అది కాదు, పంపకాల కథ. 1268కి ముందే ముగ్గురు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారట, కోటని మాత్రం అమ్ముకోలేదు, కూల్చుకోలేదు. ఒకే ప్రహరీలో మూడు శాఖలవాళ్ళు మూడు వైపులా ఎవరి ఇళ్ళు వాళ్ళు కట్టుకుంటూ పోయారు. అందుకే బయటి నుంచి చూస్తే ఏ గోడా ఇంకో గోడతో కలవదు, ఒక్కో బురుజుదీ ఒక్కో తీరు. మధ్యలో వాకిలి మాత్రం అందరిదీ. గైడు ఇది చెప్పగానే అమ్మ "మన పెదనాన్నగారి మండువా ఇల్లు కూడా ఇలా ఉంచుకోవాల్సింది" అంది. నాన్న వినపడనట్టు కిటికీ వైపు చూశారు.

లోపల పెద్ద హాల్లో గోడ మీద విదూషకుల ముఖాలు చెక్కి ఉంటాయి, తలుపు మీద ఒక గులాబీ ఉంటుంది. ఈ గదిలో ఎవరైనా మనసులో మాట చెప్పొచ్చు, గడప దాటాక మాత్రం నోరు విప్పకూడదు అని వాటి అర్థం. గైడు వెంట తిరిగే టూర్ ముప్పావు గంట లోపే అయిపోతుంది, ఇంగ్లీషులో కూడా ఉంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. మెట్లు ఇరుకు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. అమ్మగారు ఇబ్బంది పడతారనుకుంటే లోపలి టూర్ మానేసి వాకిట్లో కూర్చోబెట్టండి. ఈ కోటకి బయటి రూపమే అందం.

ఇక రెండో తప్పు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినప్పుడు "వాగు పక్కన చదును దారే కదా, నాన్న రోజూ వాకింగ్ చేస్తారు కదా" అనుకుని మళ్ళీ మోజెల్‌కెర్న్ నుంచే నడిపించాను. చదునే, కాదనను. కానీ చెట్ల వేర్లు, ముందు రోజు వానకి బురద, చివర్లో కోటకి ఎక్కే మెట్లు. అమ్మ కాళ్ళకి చెప్పులు, బూట్లేమో బస చేసిన ఇంట్లో. ఫ్రెండ్స్‌తో గంటంపావులో నడిచిన దారి ఆ రోజు రెండున్నర గంటలు పట్టింది. అమ్మ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్. మధ్యలో ఒక చెక్క బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తీసి, మూత మీద ముగ్గురికీ పెట్టి, తను రెండు ముద్దలు తిని, "ఇంకెంత?" అంది. "దగ్గరే" అన్నాను. అప్పటికి సగం దారి కూడా కాలేదు.

కాబట్టి మీరు నడిపించకండి. సీజన్లో శని, ఆదివారాల్లో మోజెల్ ఒడ్డున ఉన్న ఊళ్ళ నుంచి కోట దాకా బస్సు నడుస్తుంది, సర్వీసులు తక్కువ. వెళ్ళే తేదీ పెట్టి జర్మన్ రైల్వేవాళ్ళ డీబీ యాప్‌లో చూసుకోండి, ముఖ్యంగా తిరుగు బస్సు. మీకు డ్రైవింగ్ వచ్చి ఉంటే ఆ రెండు రోజులకి కారు అద్దెకి తీసుకోవడం ఇంకా మేలు.

కోఖెమ్ కోట సంగతి వేరు. ఊరు మీదకి వంగి చూస్తున్నట్టు నది ఒడ్డునే వంద మీటర్ల పైన ఉంటుంది. ఫొటోల్లో అందరూ చూసేది ఇదే. కానీ ఇప్పుడు కనపడేది పాత కోట కాదు. 1689లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు దాన్ని పేల్చేశాయి. దాదాపు నూట ఎనభై ఏళ్ళు మొండి గోడలుగానే ఉంది. 1868లో రవెనె అనే బెర్లిన్ వ్యాపారి ఆ శిథిలాలు కొని, వేసవి విడిది కోసం తిరిగి కట్టించాడు, 1877 నాటికి పూర్తయింది. ఆ యుద్ధంలోనే ఎల్ట్స్ ఎలా బతికిందంటారా? ఆ కుటుంబం మనిషి ఒకాయన ఫ్రెంచి సైన్యంలో పెద్ద అధికారి. కూల్చాల్సిన కోటల జాబితాలోంచి తమ కోట పేరు కొట్టేయించాడు. పలుకుబడి అంటే అదీ.

కోఖెమ్ కోటకి కూడా సీజన్లో ఊర్లోంచి చిన్న బస్సు ఉంటుంది, దిగాక ఇంకాస్త ఏటవాలు ఎక్కాలి. అది కూడా వద్దనుకుంటే ఛెయిర్‌లిఫ్ట్ ఎక్కి ఎదురు కొండ మీద పిన్నర్‌క్రాయిట్స్ అనే చోట దిగండి. కోట, ఊరు, నది మలుపు మూడూ ఒక్క చూపులో దొరుకుతాయి. అయితే లిఫ్ట్ ఆగదు, కుర్చీ కదులుతుండగానే కూర్చోవాలి, లేవాలి. మా అమ్మ ససేమిరా అంది.

నా లెక్కలో ఆ రెండు రోజుల్లో అసలైన ముచ్చట కోఖెమ్ నుంచి బైల్‌ష్టైన్ దాకా పడవ ప్రయాణం. గంట పట్టింది. కూర్చునే వెళ్ళాలి, ఎవరి మోకాలూ నొప్పి పెట్టదు. దారిలో ఫాంకెల్ దగ్గర లాకులు వస్తాయి, అంటే నీటి మట్టం పెంచి, తగ్గించి పడవల్ని దాటించే గేట్లు. మాది గోదావరి జిల్లా, నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా కోటల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి, పడవ లాకు గదిలోకి దూరగానే లేచి కమ్మీ దగ్గరికి వెళ్ళిపోయారు. వెనక తలుపు మూసుకుంది. నీళ్ళు నిండుతుంటే నాచు పట్టిన తడి గోడ మెల్లగా కిందికి దిగిపోతున్నట్టుంది. నిజానికి మేం పైకి లేస్తున్నాం. "ఇవి మన ధవళేశ్వరం లాకులే రా, కాస్త పెద్దవి" అన్నారు. తర్వాత గట్టంతా వెతికి, "లస్కరు ఏడీ?" అని అడిగారు, లాకుల గేట్లు తిప్పే మనిషి. గట్టు మీద ఎవరూ లేరు, అన్నీ మోటార్లే. త్రియర్ నుంచి కోబ్లెంట్స్ దాకా ఇలాంటివి పది ఉన్నాయని, 1964 నుంచి పెద్ద సరుకు పడవలు తిరుగుతున్నాయని ఫోన్‌లో చూసి చెప్పాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పటికీ కోటల గురించి అమ్మ మాట్లాడుతుంది, లాకుల గురించి ఆయన.

బైల్‌ష్టైన్ చాలా చిన్న ఊరు. పైన ఇంకో కోట శిథిలం ఉంది, దాన్నీ 1689లోనే పడగొట్టారు. పెద్దవాళ్ళని కింద నది ఒడ్డున కూర్చోబెట్టి, ఓపిక ఉంటే మీరొక్కరు ఎక్కి రండి.

వేలాడే వంతెన, అంటే మ్యోర్స్‌డోర్ఫ్ దగ్గరి గైయర్‌లై, ఈసారికి మానేయండి. మూడోసారి నేనూ మా ఆవిడా వెళ్ళాం. 360 మీటర్ల పొడవు, కింద లోయ వంద మీటర్ల లోతు, 2015లో తెరిచారు, ఎక్కడానికి టికెట్ లేదు. కానీ ఊర్లో దిగి రెండు కిలోమీటర్లు పొలాల మధ్య నడవాలి, కారు లేకపోతే చాలా తిప్పలు. మధ్యకి వెళ్ళాక నలుగురు ఎదురొస్తే కాళ్ళ కింద చెక్కలు ఉయ్యాలలా ఊగుతాయి. నేను తీగ వదల్లేదు. మా ఆవిడ వీడియో తీసింది, అది ఇప్పుడు బంధువుల గ్రూపుల్లో తిరుగుతోంది. అలాగే బ్రెమ్ దగ్గర కాల్మాంట్ అనే ద్రాక్షతోట, యూరప్‌లోకెల్లా ఏటవాలు తోట అంటారు. నిచ్చెనలు, ఇనుప తాళ్ళు పట్టుకుని ఎక్కే దారి. అది అమ్మానాన్నలు లేనప్పుడు, ఇంకోసారి. ఈసారికి రైలు కిటికీలోంచి ద్రాక్ష తీగల వరసలు చూపించండి. అక్కడి నేలలో ఉండే నల్లటి పలకరాయి పగటి వేడిని పట్టుకుని రాత్రి వదులుతుంది కాబట్టే ఇంత ఉత్తరాన కూడా అక్కడ ద్రాక్ష పండుతుంది.

రైన్ లోయ చూడలేదని బాధ వద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మైన్స్, బింగెన్ మీదుగా కోబ్లెంట్స్ వెళ్ళే రీజినల్ రైలు నది పక్కనే పోతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి. బింగెన్ దాటాక ఫోన్ లోపల పెట్టేయమనండి, కౌబ్ దగ్గర నది మధ్యలోనే ఒక కోట ఉంటుంది. కోబ్లెంట్స్‌లో మారాక మోజెల్ రైల్లో ఎడమవైపు కూర్చోండి. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ పాసు) ఉంటే ఇవన్నీ అందులోనే వస్తాయి. అమ్మానాన్నలకి మైన్స్ దాకా మామూలు టికెట్, అక్కడి నుంచి రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రపు డే టికెట్ తీసుకోండి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, శని, ఆదివారాల్లో పొద్దున్నే మొదలుపెట్టినా చెల్లుతుంది.

బస ఇప్పుడే బుక్ చేయండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొత్త వైన్ కోసం జనం విరగబడతారు. వంటగది ఉన్న ఇల్లు అయితే మంచిది. మేం చిన్న రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాం, రాత్రి పూట అదే కాపాడింది. హోటళ్ళలో వంటగది తొందరగా కట్టేస్తారు. శాకాహారులైతే పిజ్జాలాంటి పల్చటి ఫ్లామ్‌కూఖెన్ చెప్పేటప్పుడు "ఓనె ష్పెక్" అనడం మర్చిపోకండి, మామూలుగా దాని మీద పంది మాంసం ముక్కలు వేస్తారు. బంగాళాదుంప అట్లు, యాపిల్ గుజ్జుతో ఇస్తారు, అమ్మకి బాగా నచ్చాయి. వైన్ తాగనివాళ్ళకి అక్కడి ద్రాక్షరసం అడగండి.

వెళ్ళే తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఎల్ట్స్ బస్సు, పడవ టైములు కలిసేలా చూసి చెప్తాను. అమ్మగారికి మాత్రం బూట్లు ఇప్పుడే కొని ఈ వారం రోజులూ ఇంట్లో అలవాటు చేయించండి.