స్టాప్ బటన్ ఎన్‌సి ఎందుకు, బాబూ?

ప్రశ్న: మా అబ్బాయి పోయినేడు ఈఈఈ పూర్తి చేశాడు. అమీర్‌పేటలో నెల రోజుల పిఎల్‌సి (ఫ్యాక్టరీ మిషన్లను నడిపే చిన్న కంప్యూటరు), స్కాడా (వాటిని స్క్రీన్ మీద గమనించే సాఫ్ట్‌వేర్) కోర్సు చేయించాం. సర్టిఫికెట్ వచ్చింది. ఐదు ఇంటర్వ్యూలకు వెళ్లాడు, ఒక్కటీ దాటలేదు. రాత్రంతా యూట్యూబ్‌లో ‘ఇంటర్వ్యూలో అడిగే యాభై ప్రశ్నలు’ లాంటివి చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, శాలరీ స్లిప్పులు ఇస్తామంటున్నారు. మా ఆయన కట్టేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: కట్టకండమ్మా. కారణాలు తర్వాత చెబుతాను, ముందు ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వండి.

మన ఊళ్లో దొంగ ఎక్స్‌పీరియన్స్ కొత్త సంగతి కాదు. సాఫ్ట్‌వేర్‌లో కొందరు అలాగే లోపలికి వెళ్లి, రాత్రిపూట స్నేహితుల చేత పని చేయించుకుని నెట్టుకొచ్చారు కూడా. మీవారు అలాంటివాళ్లను చూసే ఆ మాట అంటున్నారేమో. పిఎల్‌సి పనిలో ఆ వీలు లేదు. పాశమైలారంలో ఏ ప్యాకింగ్ లైనో అర్ధరాత్రి ఆగిపోయిందనుకోండి. సూపర్‌వైజరు, ఆపరేటరు, మెయింటెనెన్స్ వాళ్లు అందరూ ప్యానెల్ చుట్టూ చేరి, రెండేళ్ల అనుభవం ఉందన్నవాడి ముఖం చూస్తారు. పది నిమిషాల్లో బండారం బయటపడుతుంది. పెద్ద కంపెనీలు అసలు అంతదాకా రానివ్వవు. పీఎఫ్‌కు 2014లో యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో అందులో చూస్తున్నారు. దొరికితే ఉద్యోగం పోవడంతో ఆగదు, దొంగ కాగితం పెట్టినందుకు కేసు దాకా వెళ్లొచ్చు.

ఇక అసలు విషయం. ఐదు ఇంటర్వ్యూల్లో వాడు ఎక్కడ ఆగిపోయాడో మీరు రాయలేదు. నాకు తెలిసి ఇలాంటి పిల్లలు చాలామంది ఆగేది ఒక చిన్న ప్రశ్న దగ్గర: “స్టాప్ బటన్ ఎన్‌సి ఎందుకు పెడతారు, బాబూ?”

మీకూ అర్థమయ్యే సంగతే ఇది. స్టార్ట్ బటన్ నొక్కితే కరెంటు దారి కలుస్తుంది. స్టాప్ బటన్‌కు మాత్రం దారి ఎప్పుడూ కలిసే ఉంటుంది, నొక్కితే తెగుతుంది. దాన్నే నార్మల్లీ క్లోజ్డ్, క్లుప్తంగా ఎన్‌సి అంటారు. ఎందుకంటే, రేపు ఎలుక ఆ వైరు కొరికినా, టెర్మినల్ స్క్రూ వదులైనా మోటారు దానంతటదే ఆగిపోవాలి. అక్కడ ఎన్‌ఓ బటన్, అంటే నొక్కితేనే కలిసేది పెడితే, వైరు తెగిన సంగతి ఎవరికీ తెలియదు. కన్వేయర్‌లో ఎవరి చెయ్యో ఇరుక్కున్న రోజున పరుగెత్తి బటన్ నొక్కితే ఏమీ జరగదు.

సమాధానం బట్టీ పట్టొచ్చు కదా అంటారా? పట్టొచ్చు. రెండో ప్రశ్న అక్కడే కాచుకుని ఉంటుంది. సిమ్యులేటర్‌లో ల్యాడర్, అంటే నిచ్చెన మెట్లలా గీసే పిఎల్‌సి ప్రోగ్రామ్, రాసేటప్పుడు పిల్లలు స్టాప్‌కు ఎన్‌సి కాంటాక్ట్ గుర్తు వేస్తారు. స్క్రీన్ మీద ఆ ఇన్‌పుట్ మామూలుగా సున్నా, అంటే కరెంటు రానట్టు, కాబట్టి అంతా చక్కగా నడుస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను నిజం ప్యానెల్‌కు ఎక్కిస్తే మోటారు కదలదు. అక్కడి బటన్ ఎన్‌సి కదా, నొక్కకముందే ఇన్‌పుట్ ఒకటి అయి కూర్చుంటుంది. ప్రోగ్రామ్‌లో ఉన్న ఎన్‌సి గుర్తు దాన్ని మళ్లీ తిరగేసి దారి తెంపుతుంది. అంటే బటన్ ఎన్‌సి అయినప్పుడు ప్రోగ్రామ్‌లో ఎన్‌ఓ గుర్తు ఉండాలి. ఇది చేత్తో చేసి చూడని కుర్రాడు ఏం చేస్తాడంటే, ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా, బటన్ వెనకున్న ఎన్‌సి బ్లాక్ పీకేసి ఎన్‌ఓ బ్లాక్ బిగిస్తాడు. మోటారు తిరుగుతుంది, అందరూ భేష్ అంటారు. ఎలుక సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ రోజుల్లో ల్యాడర్ లాజిక్‌ను ఏఐని అడిగినా చెబుతుంది. బాగానే చెబుతుంది. బటన్ వెనక ఏ బ్లాక్ ఉందో మాత్రం దానికి కనిపించదు.

షార్ట్‌కట్ తొక్కినవాళ్లలో నేనూ ఉన్నాను. కంట్రోల్ ప్యానెల్స్ తయారుచేసే షాపులో పనిచేసే రోజుల్లో ఒక మిషన్‌కు మిత్సుబిషి ఎఫ్ఎక్స్-2ఎన్ పిఎల్‌సి. సీనియర్ రాసిన పాత ప్రోగ్రామ్ కాపీ కొట్టాను. టైమర్ నంబర్లు కలవకూడదని టీ-10 తీసి టీ-200 పెట్టాను, విలువ 50 అలాగే ఉంచాను. ఆ మోడల్‌లో టీ-199 దాకా టైమర్లు 100 మిల్లీసెకండ్ల లెక్కలో, టీ-200 నుంచి 10 మిల్లీసెకండ్ల లెక్కలో నడుస్తాయి. ఐదు సెకన్లు ఆగాల్సిన సిలిండర్ అర సెకనుకే దిగి ట్రేను నుజ్జు చేసింది. దగ్గర ఎవరూ లేరు, అదృష్టం. మాన్యువల్‌లో ఆ పట్టిక ఉన్న పేజీని ఆ రాత్రి చదివాను. ఒక రోజు ముందు చదవాల్సింది.

మరి ఏ కంపెనీ పిఎల్‌సి మీద కోర్సు చేర్పించాలి, సీమెన్సా, అలెన్ బ్రాడ్లీనా అని మీ తర్వాతి ప్రశ్న ఉంటుంది. అదంత పెద్ద విషయం కాదు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) నిండిన ప్యానెల్స్‌తో విసిగిపోయి కొత్త కంట్రోలర్ కావాలన్నారు. అలా వచ్చిన పిఎల్‌సియే మోడికాన్ 084. ఎలక్ట్రీషియన్లు రోజూ చూసే రిలే డ్రాయింగ్ లాగే ఉండాలని ల్యాడర్‌ను ఆ రూపంలో పెట్టారు. ఈఈఈ చదివినవాడికి సగం దారి ముందే తెలుసన్నమాట. 1993లో ఐఈసి 61131-3 ప్రమాణం వచ్చాక బ్రాండ్ మారినా ప్రోగ్రామింగ్ భాషలు దాదాపు ఒకటే. నెలలో నాలుగు బ్రాండ్లు, పైగా హెచ్ఎంఐ (మిషన్ మీది స్క్రీన్), వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చేది), డీసీఎస్ (పెద్ద ప్లాంట్ల కంట్రోల్ వ్యవస్థ) అన్నీ నేర్పుతామన్న బోర్డు చూస్తే నాకు ఒకే ప్లేటులో వడ్డించిన పెళ్లి భోజనం గుర్తొస్తుంది. దేని రుచీ తెలియదు.

మీ అబ్బాయికి నేను చెప్పేది ఇంట్లో ఒక చెక్క మీద చిన్న బెంచ్ కట్టుకోమని. పిఎల్‌సి ప్రోగ్రామ్ రాసే కోడెసిస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సిమ్యులేషన్ అందులోనే ఉంది. అలాంటిదే సీమెన్స్ వాళ్ల టియా పోర్టల్‌కు 21 రోజుల ట్రయల్ దొరుకుతుంది, కానీ దాన్ని మొదట్లోనే ఖర్చు చేసుకోవద్దనండి. మొదటి నెల సిమ్యులేషన్ చాలు. తర్వాత ఒక చిన్న పిఎల్‌సి, సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, 24 వోల్టుల పవర్ సప్లయ్, రెండు పుష్ బటన్లు, ఒక రిలే, రెండు ఇండికేటర్ దీపాలు. రాణిగంజ్‌లో ఒక పూట తిరిగితే ఈ సామానులో చాలావరకు దొరుకుతుంది. పవర్ సప్లయ్‌కు 230 వోల్టులు కలిపేటప్పుడు మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉంచుకోవాలి. మిగతాదంతా 24 వోల్టుల్లోనే.

ప్రోగ్రామ్ పనిచేస్తే సరిపోదు, పనిగట్టుకుని పాడు చేసి చూడాలి. ఒకే అవుట్‌పుట్ కాయిల్‌ను (ప్రోగ్రామ్‌లో దీపాన్నో మోటారునో ఆన్ చేసే గుర్తు) రెండు చోట్ల రాసి ఏమవుతుందో చూడమనండి. పిఎల్‌సి ముందు ఇన్‌పుట్లన్నీ చదువుతుంది, ప్రోగ్రామ్‌ను పై నుంచి కిందికి నడుపుతుంది, ఆఖర్న అవుట్‌పుట్లు మారుస్తుంది. అందుకే సాధారణంగా కింద రాసినదే గెలుస్తుంది. పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మర్చిపోతాడు. వెలగాల్సిన దీపం వెలగక గంటసేపు జుట్టు పీక్కుంటే జన్మలో మర్చిపోడు. ఆ తర్వాత ఫార్వర్డ్-రివర్స్ ఇంటర్‌లాక్ (మోటారుకు రెండు దిక్కులూ ఒకేసారి ఆన్ కాకుండా చూసే అడ్డు), రెండు పంపులు వంతులవారీగా నడిచే ట్యాంకు. సెన్సర్ సిగ్నల్ సున్నా నుంచి కాకుండా 4 మిల్లీఆంప్స్ నుంచి ఎందుకు మొదలవుతుందో వాడినే అడగండి. అదే ఎలుక, అదే వైరు: తెగితే సున్నా వస్తుంది, ట్యాంకు ఖాళీయా వైరు తెగిందా అన్నది తేలిపోతుంది. ప్రతి తప్పూ తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

మూడు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ పట్టుకుని జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లిలో ప్యానెల్ షాపుల గుమ్మం ఎక్కమనండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా పేరు నమోదు చేయించండి. అది స్టైపెండ్ ఇచ్చే నిజమైన అనుభవం, కాగితం కూడా నిజమైనదే. శిక్షణే కావాలనుకుంటే ప్రభుత్వ శిక్షణ సంస్థలైన రామంతాపూర్ ఎన్ఎస్‌టీఐ, బాలానగర్ సీఐటీడీలకు మీరే స్వయంగా వెళ్లి ల్యాబ్ చూసి, ఒక్కో కిట్టు మీద ఎంతమంది కూర్చుంటారో అడిగి రండి. మొదటి జీతం మీ బంధువుల సాఫ్ట్‌వేర్ పిల్లల పక్కన చిన్నగా కనిపిస్తుంది. ఆరు నెలలు వైర్ల కొసలకు ఫెర్రూల్స్ (చిన్న తొడుగులు) ఎక్కించే పనే ఉండొచ్చు. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

బెంచ్ తయారయ్యాక ఒక ఆదివారం మీరే పరీక్ష పెట్టండి. దీపం వెలిగించి చూపమనండి. వెలుగుతుండగా, స్టాప్ బటన్‌ను ముట్టుకోకుండా దాని వెనక వైరు ఒకటి పీకమనండి. దీపం ఆరిందో లేదో నాకు రాయండి.