గంజాయి రసాయనాలపై పరిశోధనకు పూనుకున్న మాధవికి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

దీర్ఘకాలిక నొప్పికి గంజాయిలోని రసాయనాలు ఎంతవరకు పనిచేస్తాయో పరిశోధించబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఔషధశాస్త్రంలోనే జీవితం గడిపినదానిని కనుక కొన్ని మాటలు చెబుతాను.

ఈ రంగంలో అన్నిటికంటే కష్టమైన పని, తనకు అసలు మందు అందిందో ప్లాసిబో (మందులాగే కనిపించే, అసలు మందు లేని నకలు) అందిందో రోగికి తెలియకుండా చూడటం. గంజాయిలో మత్తు కలిగించే రసాయనమైన టీహెచ్‌సీ తీసుకున్న మనిషికి తల తేలికవుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. తనకు ఏది ఇచ్చారో ఇట్టే పసిగడతాడు. ఆపైన అతడు చెప్పే ఉపశమనంలో మందు పాలెంతో, నమ్మకం పాలెంతో విడదీయడం దాదాపు అసాధ్యం. కాబట్టి ప్లాసిబోలో కాస్త మగత కలిగించే నిరపాయకరమైన పదార్థాన్ని వాడే వీలుందేమో మీ గైడ్‌తో చర్చించు. నొప్పి తగ్గిందో లేదో తేలకముందే, మొదటి రోజుల్లోనే, తనకు ఏది అందిందనుకుంటున్నాడో ప్రతి రోగినీ అడిగి, ఆ జవాబులను కూడా ఫలితాలతో పాటు ప్రకటించు.

పెద్దల దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయని 2017లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక చెప్పింది. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం మాత్రం నొప్పికి దీని సాధారణ వాడకాన్ని సమర్థించలేమన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువు.

సున్నా నుంచి పది వరకు వేసే నొప్పి అంకె ఒక్కదాన్నే నమ్ముకోకు. హిందూపురం నుంచి వైద్యానికి వచ్చిన ఆమె నీ ముఖం చూసి, నిన్ను నొప్పించడం ఇష్టంలేక, మూడో నాలుగో అని చెప్పేస్తుంది. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, బిందె ఎత్తగలిగిందా, నేలమీద కూర్చుని లేవగలిగిందా అని అడుగు. నిజం అక్కడ బయటపడుతుంది.

ఒక్కో మోతాదులో టీహెచ్‌సీ, మత్తు కలిగించని మరో గంజాయి రసాయనమైన సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములో ఖచ్చితంగా తేలిన మందునే వాడు. ఈ రెండూ కలిసిన, నోట్లో కొట్టుకునే నాబిక్సిమాల్స్ స్ప్రేలో ఒక్కసారికి టీహెచ్‌సీ 2.7, సీబీడీ 2.5 మిల్లీగ్రాముల చొప్పున ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నవారి విషయంలో మరీ జాగ్రత్త, ఎందుకంటే సీబీడీ కాలేయంలోని ఎంజైములను అడ్డుకోవడం వల్ల రక్తంలో వార్ఫరిన్ పేరుకుని రక్తస్రావం కావచ్చు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వైద్య, శాస్త్రీయ అవసరాలకు అవకాశమిచ్చినా, అనుమతులకు కాలం పడుతుంది; ఆ దరఖాస్తులు ఇప్పుడే మొదలుపెట్టు. నైతిక కమిటీ ఆమోదం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు మొదటి రోగిని చేర్చుకోకముందే పూర్తికావాలి. మందు వేసుకున్నాక బండి నడపరాదన్న హెచ్చరికను సమ్మతి పత్రంలో పెద్ద అక్షరాలతో రాయించు. దాని తెలుగు ప్రతి సిద్ధమయ్యాక నాకు పంపు, చదివి దిద్దిపెడతాను.

మీ పెద్దమ్మ