కారు ఏ దేశానిదైనా తాకట్టు మాత్రం మీ ఇల్లే

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు రాశారు. హెచ్-1బి వీసాపై ఉద్యోగం, ఒక్కరి సంపాదన, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 7,000 డాలర్లు, బ్యాంకులో 32,000 ఉన్నాయి. ఇంటిపై హోమ్ ఈక్విటీ లైన్‌గా (ఇంటిని తాకట్టు పెట్టి, ఒక పరిమితి వరకు కావలసినప్పుడల్లా తీసుకోగల అప్పు) 60,000 తీసుకుని, అమెరికాలో అక్యురా పేరుతో అమ్మిన 1991 నాటి హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ గానీ, 1996 నాటి పోర్షే 911 గానీ 90,000 పెట్టి కొంటారట. దేని విలువ పెరుగుతుందని ప్రశ్న.

మీ ఉత్తరంలో ఇంజిన్ల గురించి ఒకటిన్నర పేజీ ఉంది. ఉద్యోగం పోతే ఎలా అన్న దాని మీద ఒక్క వాక్యం లేదు. బంగారం, స్థలాల గురించి అడిగేవారి ఉత్తరాల్లోనూ ఇదే లోపం. అందుకే జవాబు రాస్తున్నాను.

కారు కొన్నాక మీకు మిగిలేది 2,000. అది తొమ్మిది రోజుల ఇంటి ఖర్చుకైనా చాలదు. మీ రాష్ట్రపు అమ్మకపు పన్ను 6.625 శాతం, అంటే దాదాపు 6,000 కడితే అదీ ఉండదు. హెచ్-1బిలో ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త సంస్థ మీ తరఫున దరఖాస్తు చేయాలి, లేదా మీరు వీసా హోదా మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. లైన్ వాయిదా మాత్రం ఆగదు, దాని వడ్డీ కూడా మారుతూ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన జీవిత బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. పాత కారుకు సరైన ధర రావాలంటే ఓపికగా ఎదురుచూడాలి. 60 రోజుల గడువు నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ ఓపిక ఎక్కడిది?

అవసరమైతే లైన్ పరిమితిలో వాడకుండా మిగిలినది తీసుకుంటానన్నారు. అప్పును అత్యవసర నిధి అనకండి! ఇంటి ధర బాగా పడినా, మీ రాబడి దెబ్బతిన్నా వాడని మొత్తాన్ని బ్యాంకు నిలిపివేయవచ్చు. ఉద్యోగం ద్వారా పదవీ విరమణ కోసం దాచుకునే 401(కె) ఖాతా నుంచి అప్పు కూడా వద్దు.

మీ పరిస్థితిలో ఎనిమిది నెలల ఖర్చు, అంటే 56,000 చేతిలో ఉండాలి. లైన్‌కు నెలకు 1,500 కట్టగలనని మీరే రాశారు. ఆ 1,500 పొదుపు ఖాతాలో వేస్తే తక్కువైన 24,000 పదహారు నెలల్లో సమకూరుతుంది. సొంతంగా టర్మ్ జీవిత బీమా పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

ఇక కార్లు. మీరు చూసిన 911 గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి తరానిది, 1998తో ఆ వరుస ముగిసింది. అందుకే దాన్ని వెతుక్కుంటూ వచ్చేవారు ఎక్కువ. ఎన్‌ఎస్‌ఎక్స్ గొప్ప కారు, కానీ బాడీ అంతా అల్యూమినియం. గుద్దుకుంటే దాన్ని బాగుచేయగల వర్క్‌షాపులు తక్కువ. తిరిగి అమ్ముకోవడం సులువన్న ఒక్క కారణంతో నేను పోర్షే వైపు మొగ్గుతాను, అదీ అప్పు లేకుండా కొనగలిగిన రోజున. అప్పుడు ముందే ఒప్పుకున్న విలువకు బీమా చేయించండి.

లైన్ కాగితాలపై ఇప్పటికే సంతకం చేసి ఉంటే వెంటనే తేదీ చూడండి. సొంతంగా ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టినప్పుడు మూడు పనిదినాల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు మీకుంది. ఈ లెక్కలో శనివారం కూడా పనిదినమే.