బద్దెపురుగు మచ్చ మీద పరిశోధన మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బద్దెపురుగు చేరిన కాలేయం ఎందుకు మచ్చకట్టి గట్టిపడిపోతుందన్న ప్రశ్న మీద నువ్వు పరిశోధన చేయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. ఏళ్ల తరబడి పాథాలజీలో స్లయిడ్లు చూసినవాడిగా నాకు ఎంత గర్వంగా ఉందో, ఆ పురుగు సంగతి తెలిసినవాడిగా అంత దిగులుగానూ ఉంది.

దిగులు సంగతే ముందు రాస్తాను. నువ్వు పట్టుకున్న ఈ బద్దెపురుగు, ఎకైనోకాకస్ మల్టీలాక్యులారిస్, పూర్తిగా ఎదిగినా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. నక్కల పేగుల్లోనో కుక్కల పేగుల్లోనో ఉండి వాటికి పెద్దగా హాని చేయదు. మనిషికి ప్రమాదమంతా వాటి మలంతో బయటికి వచ్చే గుడ్లతోనే. అవి ఆల్కహాలుకు చావవు, ప్రయోగశాలలో వాడే మామూలు క్రిమిసంహారకాలకూ చావవు, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో పెట్టినా బతికే ఉంటాయి. నక్క మలం నమూనా ఏదైనా నీ బల్ల మీదికి రావలసి వస్తే, దాన్ని మైనస్ 80 డిగ్రీల దగ్గర కొన్ని రోజులపాటు ఉంచారని రాతపూర్వకంగా చూసుకోనిదే మూత తీయకు. చేతికి గ్లవ్స్ వేసుకుంటే పని సాగదని తీసి పక్కన పడేసే అలవాటు నీకుంది. ఆ మొండితనం ఇక్కడ పనికిరాదు. ఈ జబ్బు మనిషిలో ఐదు నుంచి పదిహేనేళ్ల దాకా ఏ లక్షణమూ చూపించకుండా పెరుగుతుంది కనుక, ఈనాటి అజాగ్రత్తకు ఫలితం తెలిసేసరికి నీకు నా తల నెరిసిన వయసు వస్తుందేమోనని భయపడుతున్నాను. కోపంతో రాస్తున్నాననుకోకు తల్లీ.

అనుమతులు ముందే తీసుకో, నోటుపుస్తకం ఏ రోజుది ఆ రోజే రాసుకో. ఈ రెండూ నీకు తెలిసినవే.

ఇక అసలు విషయం. మింగిన గుడ్డులోని పిండం చిన్నపేగులో బయటపడి, పేగు పొరను చొచ్చుకొని, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరి చిన్న చిన్న తిత్తులుగా మారుతుంది. తిత్తికి లోపల జీవకణాలున్న జెర్మినల్ పొర, దాని మీద కణాలు లేని లామినేటెడ్ పొర ఉంటాయి. ఆ లోపలి పొర నుంచి కొత్త తిత్తులు బయటి వైపుకు మొలుస్తూ చుట్టూ ఉన్న కాలేయంలోకి క్యాన్సర్ మాదిరిగా చొచ్చుకుపోతాయి. శరీరం దాన్ని చంపలేక చుట్టుముడుతుంది. మ్యాక్రోఫేజులు, టి కణాలు అనే రక్షణ కణాలు వచ్చి చేరి గ్రాన్యులోమా అనే ముద్ద కడతాయి. అక్కడ వెలువడే టీజీఎఫ్ బీటా వంటి రసాయన సంకేతాలతో, అప్పటిదాకా విటమిన్ ఏ ను దాచుకొని నిశ్శబ్దంగా ఉన్న కాలేయపు స్టెల్లేట్ కణాలు ఆ నిల్వలను పోగొట్టుకొని, మయోఫైబ్రోబ్లాస్టులుగా, అంటే మచ్చ కట్టే కణాలుగా మారి, కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీను పోగులను పేరుస్తాయి. ఆ విధంగా కట్టిన గోడ పురుగును కొంతవరకు అడ్డుకుంటుంది. అదే గోడ పిత్తనాళాలను నొక్కి కామెర్లు తెప్పిస్తుంది, సిరలను నొక్కి పోర్టల్ రక్తపీడనం పెంచుతుంది. రక్తం అందని మధ్యభాగం కుళ్లి బోలుగా మారుతుంది. కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి రసాయనికంగా గట్టిగా బిగిసిపోవడం వల్ల ఆ మచ్చ కరగడం చాలా కష్టం.

వైద్యులు పూర్వం ఈ జబ్బు దగ్గరే పెద్ద పొరపాటు పడ్డారు. అది ఎలా జరిగిందో నువ్వు పూర్తిగా తెలుసుకోవాలి. 1852లో బూల్ అనే జర్మన్ వైద్యుడు ఇలాంటి కాలేయాన్ని వర్ణించి, దాన్ని కొలాయిడ్ కంతిగా, అంటే జిగురు నిండిన క్యాన్సరు గడ్డగా భావించాడు. 1855లో విర్కో అనే మరో జర్మన్ వైద్యుడు వచ్చి, ఇది కంతి కాదు, ఎకైనోకాకస్ అని తేల్చేదాకా ఆ భావనే నడిచింది. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కోసి చూస్తే సన్నని రంధ్రాలు, వాటి నిండా జిగురు లాంటి పదార్థం, చుట్టూ గట్టి తెల్లని కణజాలం కనిపిస్తాయి. పురుగు తల, కొక్కేలు మనిషి కాలేయంలో చాలా అరుదుగా దొరుకుతాయి. కళ్లు మచ్చ దగ్గరే ఆగిపోతే పురుగు కనబడదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో మా గురువుగారు రెండు స్లయిడ్లు పక్కపక్కన పెట్టి చూపించారు. మామూలు రంగుల స్లయిడులో నిర్జీవమైన గులాబీ ముద్ద తప్ప ఏమీ లేదు. అదే ముక్కకు పీఏఎస్ రంగు వేసిన రెండో స్లయిడులో, ఆ ముద్ద మధ్యలో మడతలు పడి చిరిగిన లామినేటెడ్ పొర ముదురు మెజెంటా రంగులో కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆయన ఒక్క మాట కూడా చెప్పలేదు, చెప్పనవసరమూ రాలేదు. స్కాన్‌లో దీన్ని కాలేయ క్యాన్సరుగా పొరబడడం ఈనాటికీ జరుగుతోంది. అందుకే కొల్లాజెన్‌ను చూపించే సిరియస్ రెడ్ రంగు వేసి కొల్లాజెన్ ఎంత శాతం ఉందో కొలిచి ఊరుకోకు. ప్రతి ముక్కకూ పక్కనే పీఏఎస్ వేసి, పురుగు ఎక్కడ ఉందో, ఎంత ఉందో కూడా రాసుకో.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీ ఆలోచన మచ్చను తగ్గించే మార్గం వెతకడమేనని మీ నాన్న చెప్పాడు. మచ్చను తగ్గించి పురుగుకు దారి తెరిస్తే రోగికి మేలు చేసినట్టు కాదు. ఈ జబ్బుకు ఇచ్చే ఆల్బెండజోల్ చాలావరకు పురుగు పెరుగుదలను ఆపుతుందే కానీ దాన్ని చంపదు. శస్త్రచికిత్సతో పూర్తిగా తీసేసినా కనీసం రెండేళ్లు, తీయలేని వాళ్లకు చాలాసార్లు జీవితాంతం ఆ మందు వాడవలసి వస్తుంది. కాబట్టి మచ్చ తగ్గించే మందును ఒంటరిగా పరీక్షించకు. ఎలుకల్లో దాన్ని ఆల్బెండజోల్‌తో కలిపి ఇచ్చిన ఒక గుంపు, విడిగా ఇచ్చిన ఒక గుంపు, రెండూ లేకుండా ఒక గుంపు, ఆల్బెండజోల్ మాత్రమే ఇచ్చిన గుంపు, ఇలా నాలుగూ ఉండాలి.

ఎలుకల విషయంలోనూ తొందరపడకు. పొట్టలోకి సూదితో పురుగు కణజాలం ఎక్కిస్తే పని సులువే. కానీ పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి చేరే దశ పూర్తిగా తప్పిపోతుంది, నీ ప్రశ్న ఉన్నదే ఆ కాలేయంలో. పోర్టల్ సిరలోకి ఎక్కించడం చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర నేర్చుకో. వారాల్లో ఎలుకలో ఏర్పడిన మచ్చ, ఏళ్ల తరబడి మనిషిలో గట్టిపడిన మచ్చ ఒకటి కావు. వీలైనంత కాలం ఆగి, ఆలస్యపు దశలు కూడా తీసుకో.

కణజాలం ముక్కలు కోయించేటప్పుడు పుండు మధ్యనుంచి కాక, పురుగూ మచ్చా మంచి కాలేయమూ మూడూ ఒకే ముక్కలో వచ్చేలా అంచు దగ్గర కోయించు. మొదటి స్లయిడ్ల ఫొటోలు నాకు పంపు; అంచు సరిగా వచ్చిందో లేదో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న