ముందు డీజీ సెట్ ఆపగలమా అని అడుగు

నల్లకుంట, హైదరాబాద్

చి. శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

లక్షద్వీప్ సోలార్ ప్రాజెక్టులో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కవరత్తిలో 2024లోనే బ్యాటరీతో సోలార్ ప్లాంట్ మొదలైంది కాబట్టి నువ్వు వెళ్లేది మరీ కొత్త దారి కాదు. ఎన్ని మెగావాట్లు, ఎంత బ్యాటరీ అని అక్కడ అందరూ లెక్కలు చెప్తారు. నువ్వు ఒక్కటే అడుగు: మిట్టమధ్యాహ్నం డీజీ సెట్‌ని, అంటే డీజిల్ జనరేటర్‌ని, పూర్తిగా ఆపగలమా?

ఆపలేకపోతే పెట్టిన ఖర్చులో సగం దండగే. డీజిల్ ఇంజన్‌ని 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడిపితే ఇంధనం సరిగ్గా కాలదు, లోపల మసి పడుతుంది. అందుకే ఆపరేటర్ ఇంజన్‌కి లోడ్ మిగల్చడానికి సోలార్‌నే తగ్గిస్తాడు. ఓడ మీద తెచ్చుకున్న డీజిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ మీద ప్యానెళ్లు చూశావు కదా. కరెంటు పోతే అవీ ఆగిపోతాయి. ఇంత ఎండ పెట్టుకుని కరెంటెందుకు లేదని రెండో ఫ్లోర్ ఆయన ఇప్పటికీ వాచ్‌మన్ మీద కేకలేస్తాడు, పాపం వాడేం చేస్తాడు! ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఆ ఇన్వర్టర్‌కి గ్రిడ్ (బయటి లైను) వెంట నడవడమే వచ్చు. నీ దీవిలో బ్యాటరీకి తగిలించేది బయటి లైను లేకపోయినా తనంతట తానే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ నిలబెట్టే గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్ అయ్యుండాలి. టెండర్ కాగితాల్లో ఆ మాట ఉందో లేదో నీ కళ్లతో చూసుకో.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. షార్ట్ సర్క్యూట్ అయితే డీజీలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తన రేటింగ్‌కి ఎన్నో రెట్లు కరెంటు తోస్తుంది. ఇన్వర్టర్ సాధారణంగా ఒకటిన్నర రెట్లు కూడా దాటదు. పాత సెట్టింగులే ఉంచితే, డీజీ ఆపినప్పుడు కేబుల్‌లో ఫాల్ట్ వచ్చినా దాన్ని పసిగట్టి లైను తెంచాల్సిన రిలే కదలకపోవచ్చు. డీజీ ఉన్నప్పుడొకటి, లేనప్పుడొకటి, రెండు సెట్టింగులు అడుగు.

టాస్మానియా దగ్గరి కింగ్ ఐలాండ్‌లో 2013లోనే డీజిల్ ఆపి నడిపి చూపించారు. బ్యాటరీ ఒక్కదాని మీదే భారం వేయలేదు. తిరుగుతూ శక్తిని దాచుకునే ఫ్లైవీల్ చక్రం పెట్టారు, మిగులు కరెంటును క్షణాల్లో మింగేసే రెసిస్టర్ పెట్టారు. అయినా డీజీ సెట్లు వదిలేయలేదు. నువ్వూ వదిలించుకోవాలని చూడకు, వానల్లో రోజుల తరబడి మబ్బు పడితే అవే దిక్కు.

బ్యాటరీ కంటైనర్ ఏసీ తినే కరెంటునూ లెక్కలో వేసుకో. ఉప్పుగాలికి ఫ్యాన్లు, కాంటాక్టర్లు (కరెంటు కలిపి తెంచే స్విచ్‌లు) త్వరగా పోతాయి, స్పేర్లు జూన్ రాకముందే తెప్పించుకో.

పవర్‌హౌస్ ఆపరేటర్లకు ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ ఉంటుంది. మొదటిసారి డీజీ ఆపేది వాళ్ల చేతే ఆపించు, పగటిపూట, పక్క సెట్ వేడిగా ఉంచుకుని.

చేరగానే అక్కడి కరెంటు కనెక్షన్లన్నీ చూపే సింగిల్ లైన్ డయాగ్రామ్ ఫోటో తీసి పంపు. రిలే సెట్టింగులు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాన్న