నొక్కగానే పలకాలి, చిన్నా

చిన్నా,

అమీర్‌పేటలో వెబ్ పేజీల కోర్సు అయ్యీ అవ్వగానే కూకట్‌పల్లిలో ఎవరిదో కర్రీ పాయింటుకి ఆర్డర్ల పేజీ చేసిపెడతానని ఒప్పుకున్నావట. మీ అమ్మ చెప్పింది. సంతోషమేరా, ఇంట్లో నా దారి పట్టినవాడివి నువ్వొక్కడివే. కానీ అందులో డబ్బులు కట్టించుకోవడం కూడా ఉందనేసరికి నాకు నిద్ర పట్టలేదు.

పేజీ ఫోన్‌లో ఇమడడానికి రాసే వ్యూపోర్ట్ ట్యాగు, అమరికకి వాడే ఫ్లెక్స్, గ్రిడ్ నీకు తెలిసినవే. వెతికే పెట్టెలో అక్షరం పడ్డప్పుడల్లా సర్వరుని పిలవకు, చెయ్యి ఆగాక పిలువు. డివ్‌కి, అంటే ఉత్త పెట్టెకి, క్లిక్ తగిలించి బటన్ అనకు, కీబోర్డు వాడేవాళ్లకి అది అందదు.

నా భయమంతా 'చెల్లించు' బటన్ దగ్గరే. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఫీజుల పేజీ బాగుచేయమని మా టీముకి వచ్చింది. నొక్కితే, సర్వరు జవాబిచ్చేదాకా తెర మీద చుక్క కూడా కదిలేది కాదు. జనం ఏం చేస్తారు? మళ్లీ నొక్కుతారు. డబ్బు రెండుసార్లు కట్. ఒక పెద్దాయన బ్యాంకు స్టేట్‌మెంటు జిరాక్సు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. కూతురి ఫీజు, అప్పు తెచ్చి కట్టింది. ఆ పేజీ రాసిన కుర్రాడేమో "ఆయనే రెండుసార్లు నొక్కాడు మేడమ్" అన్నాడు. ఆ మాట నీ నోట వచ్చిందో, చెవి మెలిపెడతాను.

నొక్కగానే బటన్ ఆపేసి, 'చెల్లింపు జరుగుతోంది' అని చూపించు. గూగుల్ 2024 మార్చి నుంచి లెక్కలోకి తీసుకున్న ఐఎన్‌పీ (నొక్కాక తెర ఎంతసేపటికి మారుతుందో చెప్పే కొలత) ప్రకారం 200 మిల్లీసెకన్ల లోపు తెర స్పందిస్తేనే బాగున్నట్టు. అసలు బ్రౌజర్‌లో నీ కోడ్ నడవడం, తెర గీయడం ఒకే థ్రెడ్ మీద. ఒక్క కౌంటరున్న రేషన్ షాపు అది. పెద్ద లెక్క ఒకటి అడ్డం కూర్చుంటే వేలికి జవాబు రాదు.

బటన్ ఆపితే సరిపోదు. నెట్ పోతే పేజీ రీలోడ్ చేస్తారు, బటన్ మళ్లీ లేచి కూర్చుంటుంది. అందుకే ఆర్డరుకొక నంబరు పుట్టించి, రీలోడ్ చేసినా మారకుండా బ్రౌజర్‌లో దాచు. అదే నంబరు రెండోసారి వస్తే సర్వరు పాత జవాబే ఇవ్వాలి తప్ప మళ్లీ డబ్బు తీయకూడదు.

అయ్యాక నీ కొత్త ఫోన్‌లో చూసి మురిసిపోకు. క్రోమ్‌లోనే ఉండే పరీక్ష పనిముట్లు, డెవ్‌టూల్స్‌లో నెట్ 3జీకి తగ్గించి టకటకా నొక్కి చూడు, నిజం డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో సుమా! రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావట, కళ్లు ఏం కావాలి? పడుకో. పొద్దున లింకు పంపు, మీ పెదనాన్న పాత ఫోన్‌లో చూపిస్తాను. ఆయన దేన్నీ ఒక్కసారి నొక్కి ఊరుకునే మనిషి కాదు.

పెద్దమ్మ